ఎనిమిదో బోల్టు

తెగేదాకా లాగొద్దని అందరూ అంటారు.
తెగబోయే ముందు ఇనుము
ఒక్క క్షణం మెత్తబడుతుందని,
ఇంక వచ్చేస్తున్నాలే అని చేతికి అబద్ధం చెబుతుందని
ఎవరూ చెప్పరు.

ఏడు వచ్చాయి.
కేకేసి ఒకటి, తుప్పు కక్కుతూ ఒకటి,
నూనె తాగి, తిట్లు తిని మిగతావి.
ఎనిమిదోది మెత్తబడింది.
టక్.
తల నా స్పానర్‌లో, మొండెం ఇంజన్‌లో.

చిలోయే దీవిలో పాటు వేళ.
సముద్రం లాంచీని బురదలో ఒక పక్కకి ఒరిగించి
ఎటో పోయింది.
ఆరు గంటల్లో తిరిగొస్తుంది,
వడ్డీకిచ్చినవాడిలా, చెప్పిన నిమిషానికి.
ఈలోపు పొగగొట్టం బిగించాలి,
లేకపోతే రోసామెల్‌కి ఈ వారం చేపల్లేవు.
వానలో డెక్కు మీద నిలబడి
గుంటలోకి వంగి అడుగుతాడు: "వస్తోందా?"
మంత్రసానిని అడిగినట్టు.
మళ్ళీ కాసేపటికి: "ఎదెల్మీరా, వస్తోందా?"

ఎలియేసెర్ కుర్రాడు. ఎక్స్‌ట్రాక్టర్ తీశాడు.
పెట్టెలో పెట్టేయమన్నాను.
అది గానీ లోపల విరిగిందా,
శవం మీద ఇంకో శవం, అదీ ఉక్కుది,
ఏ డ్రిల్లూ దాన్ని కొరకదు.
నా గడ్డం మీది గాటు అలాంటి రోజుదే.

టార్చి వెలిగించాను.
పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, అదే పని.
మొండి చుట్టూ ఇనుము
ముదురు నేరేడు రంగుకి, అక్కణ్ణుంచి ఎరుపుకి తిరిగాక
కరెంటు పోయినప్పుడు వాడే కొవ్వొత్తిని ఆనించాను.
మైనం కారి కింద పడలేదు.
మరల సందుల్లోకి పోయింది,
ఎన్నాళ్ళ దాహమో.

తల పోయినదానికి తల పెట్టాలి.
మొండి మీద నట్టు ఉంచి నడుమ వెల్డింగ్ పోశాను.
ఊడింది.
రెండోదీ ఊడింది.
ఎలియేసెర్ నా మొహం చూడకుండా మాతే పట్టుకొచ్చాడు,
చేదుగా, చల్లారిపోయి.
మూడో నట్టు నిలిచింది.

"విప్పు" అన్నాను వాడితో. విప్పబోయాడు.
"కాదు, ముందు బిగించు."
వాడికి నమ్మకం కుదరలేదు.
వెంట్రుకంత అటు.
వెంట్రుకంత ఇటు.
బలం చూపించొద్దు, ఆగు, మళ్ళీ మైనం.
పలకల కింద గులకరాళ్ళు కదిలిన చప్పుడు,
నీళ్ళు వెనక్కి వస్తున్నాయి.
రోసామెల్ అడగడం మానేశాడు,
అదింకా అన్యాయంగా ఉంది.

కీచుమని, ఎలక పిల్లలాగా,
తిరిగింది.

గుడ్డతో తుడిచి లైటు కింద పెట్టాను.
అంగుళాల మర.
మిల్లీమీటర్ల రంధ్రంలో అంగుళాల బోల్టు!
రెండు చుట్లు తేలిగ్గా ఎక్కి మూడో చుట్టుకి బిగుసుకుని ఉంటుంది,
అప్పుడెవరో స్పానర్‌కి పైపు తొడిగి
మీద కూచుని తిప్పారు.
కొస రంపంతో కోసి పొట్టిచేశారు,
ఆకురాయితో మూలల్ని రెండు ఏటవాలు గీతలుగా నున్నగా తీశారు.
రెండు గీతలు. ఎడమ నుంచి కుడికి.
అలా తీసేవాళ్ళు ఈ రేవులో
ఇంకెవరూ లేరు.

గుర్తొచ్చింది. ఇదే లాంచీ, అప్పుడు పచ్చరంగు.
ఇలాగే పోటు తరుముకొస్తోంది,
పైనుంచి ఒకడు "అయిందా, అయిందా" అంటున్నాడు,
పెట్టెలో సరైన బోల్టు లేదు.
అయిందన్నాను.

"ఏ గాడిద పనిది?" రోసామెల్ గుంటలోకి తల పెట్టాడు.
"పందొమ్మిదేళ్ళ కిందటి గాడిద" అన్నాను.
నవ్వాడు. అర్థమై నవ్వాడో, చేపల కోసం నవ్వాడో.

రంధ్రానికి ఒక సైజు పెద్ద మర కోశాం.
కొత్త బోల్టు వేళ్ళతోనే చివరిదాకా దిగింది.
ఎలియేసెర్ అలవాటుగా పైపు అందించాడు.
దాన్ని గుంట బయటికి విసిరేశాను,
బురదలో పడాల్సింది,
నీళ్ళలో పడిన చప్పుడైంది.

లాంచీ నిటారుగా లేచింది.
పాత మొండి నా కోటు జేబులో
ఇంకా వేడిగానే ఉంది.